అక్షరాలు లేని బజారు

మహాదేవప్పను ఎరగనివాళ్లు జహీరాబాద్‌లో చాలామందే ఉంటారు గానీ, ఆయన చేతిరాతను చూడనివాళ్లు మాత్రం తక్కువ. హైవే పక్కన లారీలు గాలి కొట్టించుకోవడానికి ఆగే చోట ఆయనకొక రేకుల షెడ్డు ఉంది. ముప్పై ఏళ్లుగా అందులో కూర్చుని అక్షరాలు రాశాడు. పుట్టింది ఝరాసంగం దగ్గర పల్లెలో. ఇంట్లో తల్లితో కన్నడం, బడిలో తెలుగు, బజారులో ఉర్దూ, లారీల వాళ్లతో మరాఠీ, ఇలా పెరిగినవాడు. సోలాపూర్ లారీ వస్తే వెనక పలక మీద యజమాని కోరిన దేవుడి పేరు మరాఠీలో రాసేవాడు. బీదర్ వైపు ట్రాలీ వస్తే ఆ రైతు కూతురి పేరు కన్నడంలో గుండ్రంగా దించేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక దుకాణాల బోర్డులు సగానికి సగం పోయాయి. అయినా నంబరు ప్లేట్లు, ట్రాలీలు, బడిగోడలు, గుడి అరుగుల మీద దాతల పేర్లు ఆయన దగ్గరికే వచ్చేవి. గీత గీసుకోకుండానే వరస తప్పకుండా రాస్తాడని పేరు. సుద్దముక్కతో కొలత పెట్టుకోవడం ఆయనకు నామోషీ.

ఆయన భార్య అనంతమ్మది రాయికోడ్. చిన్నప్పుడు బర్రెలు కాసింది, అల్లం చేలలో కలుపు తీసింది, బడి మెట్లు ఎక్కలేదు. పెళ్లయిన కొత్తలో ఆయన ఒక సాయంత్రం గోడ మీద బొగ్గుతో ఆమె పేరు రాసి చూపించాడు. ఆమె దగ్గరికి వెళ్లి చూసి, జొన్న గింజలు ఆరబోసినట్టున్నాయని చెప్పి వంటింట్లోకి పోయింది. ఆయన నవ్వాడు. మళ్లీ నేర్పే ప్రయత్నం చెయ్యలేదు, ఆమె అడగనూ లేదు. కూరగాయల మార్కెట్లో గంప పెట్టుకుని అల్లం, పచ్చిమిర్చి అమ్మేది. వాళ్లకు ఒక్కతే బిడ్డ, పూజిత. ఐటీఐ చదివి ట్రాక్టర్ల కంపెనీలో పనికి కుదిరింది.

దీపావళి వెళ్లిన వారానికి ఇది జరిగింది. పొద్దున్నే షెడ్డు ఎదుటి హోటల్లో చాయ్ తాగుతూ మహాదేవప్ప పేపరు విప్పాడు. పెద్దక్షరాల హెడ్డింగు చూశాడు. అది తెలుగు కాదు. కన్నడ పేపరు ఇచ్చారేమో అనుకున్నాడు, కన్నడమూ కాదు. ఎక్కడో పరాయి దేశంలో అచ్చేసిన కాగితంలా ఉంది, ఒక్క గీతా తెలిసినది కాదు. కళ్లు తుడుచుకుని హోటల్ బోర్డు చూశాడు. ఆ బోర్డు రాసింది తనే. పసుపు మీద ఎర్రరంగు, చుట్టూ నల్లటి అంచు, అంతా ముందు రోజులాగే ఉంది. కానీ చదవడానికి రావడం లేదు. లేచి రోడ్డు దాటి తన షెడ్డు ముందు నిలబడ్డాడు. సొంత పేరు కూడా అట్లాగే, వంకర గీతల గుంపులా కనబడింది.

ఆయన ఎవరికీ చెప్పకుండా ఇంటికి నడిచి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మార్కెట్‌కు బయలుదేరుతున్న అనంతమ్మ ఆయన ముఖం చూసి గంప దించింది.

"ఏమైందయ్యా?" అని అడిగింది.

"కండ్లు మంచిగనే కనవడుతున్నయి," అన్నాడు మహాదేవప్ప. "అక్షరాలే కనవడ్తలేవు."

పూజిత షిఫ్టు నుంచి పరుగున వచ్చింది. ముందు ఊళ్లోని దవాఖానకు, అక్కడి వాళ్లు రాసిస్తే ఆ మధ్యాహ్నమే అంబులెన్సులో హైదరాబాద్‌కు తీసుకుపోయారు. తలకు ఫొటోలు తీశారు. మర్నాడు ఒక డాక్టరమ్మ వచ్చి నింపాదిగా కూర్చుని చెప్పింది. బీపీ చాలా కాలంగా ఉండి ఉంటుందట, ఈయన ఎప్పుడూ చూపించుకోలేదు. దానివల్ల మెదడు వెనక భాగంలో ఒక చిన్న రక్తనాళం మూసుకుపోయింది. చెయ్యి పడిపోలేదు, మాట పోలేదు, అది అదృష్టం. కుడివైపు చూపు కొంచెం తగ్గింది. చదివే చోటు మాత్రం దెబ్బతిన్నది.

ఆమె కాగితం, పెన్ను ఇచ్చి పేరు రాయమంది. మహాదేవప్ప వణకకుండా రాశాడు, అచ్చంగా బోర్డు మీద రాసినట్టే. ఆమె ఆ కాగితాన్ని ఆయన వైపు తిప్పి ఇప్పుడు చదవమంది. ఆయన కాగితం కేసి చాలాసేపు చూశాడు. తను అప్పుడే రాసిన పేరు తనకు తెలియలేదు. పూజిత ముఖం పక్కకు తిప్పుకుంది. డాక్టరమ్మ మాత్రం ఇలాంటి వాళ్లను ముందు కూడా చూశానని, చేతికి తెలిసింది కంటికి తెలియకపోవడమే ఈ జబ్బని, కొందరికి కొంత తిరిగి వస్తుందని, ఎంతన్నది చెప్పలేనని అంది.

పది రోజుల తర్వాత ఇంటికి వచ్చారు. చెయ్యి బాగానే ఉంది కదా, రాయగలను కదా అని మహాదేవప్ప షెడ్డు తెరిచాడు. ఎరువుల దుకాణం సుదర్శన్ పాత బోర్డు మళ్లీ రాయించడానికి వచ్చాడు. సుదర్శన్ పేరు చెబుతుంటే ఈయన కుంచె నడిపాడు, చెయ్యి ఎక్కడా ఆగలేదు. సగంలో చాయ్ వచ్చింది. తాగి మళ్లీ స్టూలెక్కితే ఎక్కడ ఆపాడో తెలియలేదు. అడగడానికి సిగ్గేసింది. అంచనాతో అందుకుని పూర్తి చేశాడు. సాయంత్రం బోర్డు తీసుకుపోవడానికి వచ్చిన సుదర్శన్ కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. 'ఎరువులు' ఉండాల్సిన చోట 'ఎరురువులు' అని ఉంది.

సుదర్శన్ మంచివాడు. నవ్వలేదు. "మహాదేవన్నా, ఒక్క అక్షరం ఎక్కువ పడ్డది, తర్వాత తుడుద్దాం తియ్యి," అని మాత్రం అన్నాడు. కానీ మహాదేవప్ప ఆ పనికి కూలి తీసుకోలేదు. ముప్పై ఏళ్లలో ఆయన బోర్డు మీద తప్పు పడలేదు. ఆ రాత్రే కుంచెలన్నీ టర్పెంటైన్‌లో కడిగి, గుడ్డలో చుట్టి, షెడ్డుకు తాళం వేశాడు.

తర్వాత రెండు నెలలు ఆయన ఇంట్లోంచి కదలలేదు. బయటికి పోతే చుట్టూ బోర్డులే. వాటిలో మూడింట ఒక వంతు తను రాసినవే. అవన్నీ తనను చూసి మాట్లాడకుండా ముఖం తిప్పుకున్నట్టు ఉండేది. పూజిత చిన్నపిల్లల వాచకం కొని తెచ్చింది. అ, ఆ దగ్గర కూర్చున్నాడు. పక్కన బొమ్మ ఉంటే అమ్మ, ఆవు అని చెప్పగలిగేవాడు, బొమ్మను చేత్తో మూస్తే ఏదీ చెప్పలేకపోయేవాడు. నాలుగో రోజు పుస్తకం మూసి అవతల పెట్టాడు.

ఒకనాడు బీపీ గోలీలు అయిపోయాయి. పూజిత డ్యూటీలో ఉంది. అనంతమ్మ ఖాళీ పట్టీలు కొంగున ముడేసుకుని, "నడువు, పోయి తెచ్చుకుందం," అంది. ఆయన రానన్నాడు. తప్పు గోలీ ఇస్తే ఎట్ల తెలుస్తుందని అడిగాడు. ఆమె ఆ ప్రశ్నకు కొంచెం ఆశ్చర్యపోయింది.

"ముప్పై ఏండ్ల సంది నేను గిట్లనే తిరుగుతున్న గద," అంది. "నాకెవరు చదివి చెప్పిన్రు?"

ఆయన చెప్పులేసుకున్నాడు.

ఆ రోజు మహాదేవప్ప తన ఊరిని మొదటిసారి చూశాడని చెప్పాలి. అనంతమ్మ ముందు నడుస్తోంది. మందుల దుకాణం ఎట్లా గుర్తుపడతావంటే, మూడో మెట్టు విరిగిన దుకాణమని చెప్పింది. అదే పక్కనున్న ఇంకో మందుల దుకాణంలో అయితే కోపిష్టి మనిషి కూర్చుంటాడని, అక్కడికి పోదని చెప్పింది. పొద్దున వేసుకునే గోలీకి నడుమ గీత ఉంటుంది, సాయంత్రానిది గులాబి రంగు, పెసరగింజంత. దుకాణంలోని పిల్ల వేరే కంపెనీ పట్టీ ఇవ్వబోతే, రంగు మారిందే ఎందుకని అనంతమ్మ నిలదీసింది. ఆ పిల్ల డబ్బా వెతికి పాతదే తెచ్చి ఇచ్చింది.

తిరుగుదారిలో బస్టాండు దగ్గర ఆయన ఆగాడు. ఆయనకు అడగాలనిపించింది.

"రాయికోడ్ బస్సు ఏదో నీకెట్ల తెలుస్తది? అన్ని ఒక్క తీరుగనే ఉంటయి గద."

"బస్సును ఎవరు చూస్తరు? ఎక్కేటోళ్లను చూస్త. మా దిక్కు ముఖాలు కనవడ్డయంటే అది మా బస్సే."

మహాదేవప్ప మెట్లూ ముఖాలూ చూసుకుంటూ ఇంటి దాకా నడిచాడు. ఇన్నేళ్లూ ఆ బజారులో ప్రతి బోర్డూ ఆయనకు తెలుసు. ఏ దుకాణానికి ఏ రంగు వేశాడో, ఎవరు ఏ అక్షరం పెద్దది చెయ్యమని సతాయించారో అన్నీ గుర్తే. బోర్డు కింద ఏముందో ఎప్పుడూ చూడలేదు. పక్కనే పడుకుని లేచే మనిషి ఒక్క అక్షరం ఆసరా లేకుండా ఈ ఊళ్లో ఎలా బతుకుతోందో అడగాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు, రేపు కూడా మార్కెట్‌కు వస్తానన్నాడు. అనంతమ్మ సరేనంది.

అట్లా ఇరవై రోజులు తిరిగాడు. గంప మోశాడు, అల్లం మట్టి దులిపాడు, ఆమె చెప్పేది విన్నాడు. ఆమెకు ఊరంతా వాసనలతో, మెట్లతో, మనుషులు కూర్చునే తీరుతో గుర్తుంది. బ్యాంకు అంటే పంకా కిర్రుమనే గది. జొన్నరొట్టెలు అమ్మే భవాని బండి అంటే కట్టెల పొయ్యి పొగ. సంక్షేమ ఆఫీసు అంటే ఎప్పుడూ ఖాళీగా ఉండే ఎర్ర కుర్చీ. ఝరాసంగం ఆటోలు ఏవంటే, సజ్జల మూటలు వెనక కట్టుకుని ముందు ముగ్గురు ఆడవాళ్లు ఇరుక్కుని కూర్చునేవి. వింటుంటే మహాదేవప్పకు చేతివేళ్లు ఊరుకోలేదు. ఒకరోజు ఖాళీ అట్టపెట్టె చింపి, బొగ్గుముక్కతో ఆ ఆటోను గీశాడు. అనంతమ్మ చూసి, నడుమ కూర్చున్నామె కాలు బయటికి పెట్టుకుంటుందని, లోపల పట్టదని చెప్పింది. ఆయన కాలును బయటికి దించాడు. ఇప్పుడు సరిగ్గా ఉందని ఆమె ఒప్పుకుంది.

మర్నాడు షెడ్డు తాళం తీశాడు. ఏదో గుడి తోరణం మీద పేరు రాయడానికని ఎప్పుడో తెచ్చిన ఎనిమిదడుగుల ప్లైవుడ్ పలక గోడకు ఆనించి ఉంది. దాన్ని దించి, రుద్ది, తెల్లరంగు రెండు పూతలు పూశాడు. అది ఆరే దాకా రెండు రోజులు దాని ముందు కూర్చున్నాడు. బోర్డులకు వాడే ఎనామిల్ డబ్బాలే ఉన్నాయి. వాటితోనే మొదలుపెట్టాడు.

అనంతమ్మ మార్కెట్ అయిపోయాక మధ్యాహ్నం వచ్చి ఖాళీ డబ్బా బోర్లించుకుని కూర్చునేది. ఆమె చెప్పేది, ఆయన వేసేవాడు. పై భాగాన హైవే. దాని మీద బొంబాయి లారీలు, కంపెనీ గేటు నుంచి వరసగా బయటికి వస్తున్న ఎర్ర ట్రాక్టర్లు. దాని కింద చెరుకు బండ్లు. రోడ్డు మీద పడ్డ గడలు ఏరుకుంటున్న పిల్లలు. నడుమ బజారు. ఒక దుకాణం ముందు అల్లం బస్తాలు, ఇంకొక దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ ముసలాయన. అన్ని దుకాణాలకూ పైన బోర్డులున్నాయి. పచ్చవి, నీలివి, ఎర్రవి. ఒక్కదాని మీద కూడా ఒక్క అక్షరం లేదు.

నెల రోజులు గడిచాక ఒకనాడు అనంతమ్మ లేచి పలక చివరికి వెళ్లి నిలబడింది.

"ఈ పక్కంత ఎందుకు ఇడిచిపెట్టినవ్?" అని అడిగింది.

ఏ పక్క అన్నాడు మహాదేవప్ప. నిజంగా ఆయనకు తెలియలేదు. కుడిచివర రెండడుగుల మేర తెల్లగా మిగిలిపోయి ఉంది. డాక్టరమ్మ చెప్పిన చూపు లోపం అదే. ఆయన దృష్టిలో పలక అక్కడికే అయిపోయింది. ఆమె డబ్బా జరుపుకుని పలకకు కుడివైపు కూర్చుంది. "నా దిక్కు చూడు," అనేది అప్పుడప్పుడూ. ఆయన ఆమె ముఖం కోసం మెడ తిప్పేవాడు, దారిలో ఆ ఖాళీ కనబడేది. ఆ రెండడుగుల్లోకి కూరగాయల మార్కెట్, రాయికోడ్ బస్సు, బస్సు కిటికీల్లో ఆమె చెప్పిన ముఖాలు వచ్చాయి.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. ఒక మధ్యాహ్నం మూలనున్న ఒక పాత బోర్డు మీద దుమ్ము తుడుస్తూ మహాదేవప్ప వేలు ఒక అక్షరం అంచు వెంబడి పోయింది. ఎనామిల్ రంగు కొంచెం ఎత్తుగా ఉంటుంది, చేతికి తగులుతుంది. వేలు గుండ్రంగా తిరిగి, కిందికి దిగి, తలకట్టు దగ్గర ఆగగానే ఆయన నోటి వెంట 'న' అని వచ్చింది. ఆయన ఆగిపోయాడు. రెండోదాని మీద వేలు నడిపాడు. 'ర' కింద వత్తు ఉందో లేదో తెలుసుకోవడానికి మూడుసార్లు తిప్పాడు. నర్సప్ప అనే పేరు చదవడానికి అనంతమ్మ కడిగిన గిన్నెలు ఆరేంత సేపు పట్టింది. సాయంత్రం పూజిత వచ్చాక పేపరు మీద వేలితో హెడ్డింగు చదివి వినిపించాడు. ఆ పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని కాసేపు వదలలేదు.

అట్లా చదువు తిరిగి వచ్చింది గానీ, నడిచే చదువు కాదు, పాకే చదువు. చిన్న చిన్న బోర్డులు మళ్లీ ఒప్పుకున్నాడు. సుదర్శన్ బోర్డులో ఎక్కువ పడ్డ అక్షరం తనే తుడిచి సరిచేశాడు. పూజిత ఒక చూపు చూశాకే ఏదైనా బయటికి పోయేది.

బొమ్మ పూర్తి కావొచ్చినప్పుడు పూజితే ఒక మాట అంది. బోర్డులన్నీ ఖాళీగా ఉంటే చూసేవాళ్లు పని సగంలో ఆపాడనుకుంటారని, ఇప్పుడు రాయడానికి, చూసుకోవడానికి కూడా వస్తోంది కాబట్టి పేర్లు రాసేయమని. మాటలో న్యాయం ఉంది. మహాదేవప్ప రెండు రోజులు ఆలోచించాడు. ఒక పచ్చ బోర్డు ముందు కుంచె ముంచి నిలబడ్డాడు కూడా. తర్వాత కుంచె డబ్బాలో పెట్టేశాడు.

"రాయొచ్చు బిడ్డా," అన్నాడు. "రాస్తే అది నా బజారైతది. ఇది మీ అమ్మ బజారు. మీ అమ్మ కండ్లతోని చూస్తే గిట్లనే ఉంటది."

అనంతమ్మ ఆ మాట విన్నది. కొంగుతో ముక్కు తుడుచుకుని, అల్లం బస్తాలకు రంగు ఇంకా ముదురు కావాలని చెప్పింది.

రమ్య ఆ షెడ్డుకు వచ్చింది అప్పుడే. ఆమె ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. భీమవరం వైపు అమ్మాయి, భర్త ట్రాక్టర్ల కంపెనీలో ఇంజినీరు. బడిగోడ మీద పేరు రాయించడానికి వచ్చి, ఆ పలక ముందు నిలబడిపోయింది. ఒక మూల నుంచి ఇంకో మూలకు నెమ్మదిగా నడుస్తూ చూసింది. బోర్డులు ఖాళీగా ఎందుకున్నాయని ఆమె అడగలేదు. మెట్లు ఎందుకు అంత శ్రద్ధగా వేశారని అడిగింది. మహాదేవప్ప అనంతమ్మను చూపించాడు. అనంతమ్మ చెప్పడం మొదలుపెడితే చీకటి పడింది.

సంగారెడ్డిలో జిల్లా చిత్రకారుల ప్రదర్శన ఒకటి జరగబోతోందని రమ్య చెప్పింది. ఆశ, నిబ్బరం, మన సంస్కృతి అన్న మాటల మీద బొమ్మలు అడిగారట. ఫారం తెచ్చి చదివి వినిపించింది. అందులో మన బొమ్మ దేని కిందికి వస్తుందని మహాదేవప్ప అనుమానపడ్డాడు. నిబ్బరమంటే ఏందని అనంతమ్మ అడిగింది. రమ్య కొంచెం తడుముకుని, కష్టం వచ్చినా కాలు జారకుండా నిలబడడమండీ అంది. అనంతమ్మకు అది ప్రత్యేకంగా పేరు పెట్టాల్సిన సంగతిగా తోచలేదు. మరి నిలబడక ఏం చేస్తరు టీచరమ్మా అంది. బొమ్మ పేరు అన్న గడి దగ్గర రమ్య పెన్ను మహాదేవప్పకే ఇచ్చింది. ఆయన 'అనంతమ్మ బజారు' అని రాశాడు. రాసి, వేలితో ఒకసారి దాని మీద నడిచి, తప్పు లేదని చూసుకుని ఇచ్చాడు.

సుదర్శన్ తన ఎరువుల ఆటో ఇచ్చాడు. పలకకు దుప్పట్లు చుట్టి సంగారెడ్డి తీసుకుపోయారు. ప్రదర్శన ఒక పెద్ద హాల్లో, మూడు రోజులు. హైదరాబాద్‌లో చదువుకున్న పిల్లలు వేసినవి, కాన్వాసు మీద, ఫ్రేములతో చాలా ఉన్నాయి. ఎనామిల్ రంగులతో ప్లైవుడ్ మీద వేసింది ఇదొక్కటే. మొదటి గంట మహాదేవప్ప దానికి దూరంగా, తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. వచ్చినవాళ్లు పక్కనున్న కాగితం చదివి, బొమ్మ చూసి, ముందుకు కదులుతున్నారు.

అనంతమ్మకు అది నచ్చలేదు. ఆమె లేచి వెళ్లి బొమ్మ పక్కన నిలబడింది. ఒక కాలేజీ పిల్ల ఆగితే, "గా మెట్టు చూసినవా, ఇరిగింది? గదే మందుల దుకాణం," అని మొదలుపెట్టింది. ఆ పిల్ల తన తోటివాళ్లను పిలిచింది. మధ్యాహ్నానికి అక్కడ గుంపు కట్టింది. కళ్లజోళ్లు పెట్టుకున్నవాళ్లు, చేతిలో నోటుపుస్తకాలున్నవాళ్లు ఒక్కొక్కరూ ఆమె వేలు ఎటుపోతే అటు తల తిప్పారు. ఏది బ్యాంకో కనుక్కోమని ఆమె పరీక్ష పెట్టింది. ఒక పెద్దమనిషి మూడుసార్లు తప్పు చెప్పాడు. ఆమె ఓపికగా పంకా చూపించింది. తలుపు దగ్గరినుంచి మహాదేవప్ప చూస్తూ ఉన్నాడు. ఇన్ని లక్షల అక్షరాలు రాశాడు గానీ, తను రాసినదాన్ని ఎవరూ ఇంతసేపు నిలబడి చదవగా ఆయన చూడలేదు.

రెండో రోజు బీదర్ నుంచి గురులింగప్ప అనే ముసలి మాస్టారు వచ్చాడు. బొమ్మ చూసి, కన్నడంలో మహాదేవప్పతో, ఇది మా ఊరు కూడా కావచ్చని, బోర్డులు లేవు కాబట్టి ఎవరి ఊరైనా కావచ్చని మెచ్చుకున్నాడు. మహాదేవప్ప ఆ మాటను భార్యకు తెలుగులో చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కాదని చెప్పు. ఇది జహీరాబాదే. అల్లం చూడమను. గంత అల్లం వాళ్ల ఊర్ల ఏడున్నది?"

మాస్టారికి ఆ తెలుగు అర్థమైంది. నవ్వి, అమ్మ చెప్పిందే నిజమని ఒప్పుకుని, అల్లం బస్తాల దగ్గరికి వంగి ఇంకోసారి చూశాడు. తర్వాత మహాదేవప్పను, మీరు కన్నడం వారా తెలుగువారా అని అడిగాడు. ఆ ప్రశ్న ఆయన్ని లారీల వాళ్లు, బడి పంతుళ్లు, చిన్నప్పుడు తోటిపిల్లలు ఎన్నోసార్లు అడిగారు. ప్రతిసారీ ఎదుటి మనిషిని బట్టి ఏదో ఒకటి చెప్పేవాడు. ఈసారి, అమ్మ కన్నడం, ఇల్లాలు తెలుగు, నేను జహీరాబాద్ అన్నాడు. చెప్పాక ఆయనకే అది సులువుగా ఉన్నట్టు అనిపించింది.

మొదటి బహుమతి ఒక హైదరాబాద్ కుర్రాడి బొమ్మకు వచ్చింది. అది బాగుందని మహాదేవప్పే ముందుగా వెళ్లి ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని చెప్పాడు. వీళ్లకు ఒక శాలువా కప్పారు. కప్పేటప్పుడు ఎవరికి కప్పాలో తెలియక సందేహిస్తుంటే, మహాదేవప్ప పక్కకు జరిగాడు. శాలువా అనంతమ్మ భుజాల మీద పడింది. ఆమె దాన్ని ఇంటికొచ్చే దాకా తియ్యలేదు.

ఆ తర్వాత మార్కెట్ యార్డు వాళ్లు అడిగి ఆ బొమ్మను రైతులు కూర్చునే గదిలో పెట్టుకున్నారు. పల్లెల నుంచి అల్లం, కందులు తెచ్చినవాళ్లు వేలంపాట మొదలయ్యే దాకా దాని కింద కూర్చుంటారు. కొందరు తమ ఊరి ఆటోను గుర్తుపట్టారు. చేతులు కట్టుకుని నిలబడ్డ ముసలాయన కొడుకు వచ్చి, తండ్రి పోయి ఏడాదైందని, ఇక్కడ చూసుకుంటున్నానని చెప్పి వెళ్లాడు. రాయికోడ్ ఆడవాళ్లు ఇద్దరు బస్సు కిటికీలో తాము లేమని అలిగారు. మహాదేవప్ప చిన్న కుంచె, రెండు డబ్బాలు పట్టుకెళ్లి స్టూలెక్కి వాళ్లనూ ఎక్కించాడు. దాంతో ఇంకా చాలామంది అడగడం మొదలుపెట్టారు. బస్సు ఇప్పుడు బాగా కిక్కిరిసిపోయింది.

ఈ మధ్య ఆయన షెడ్డులో ఇంకో పలకకు తెల్లరంగు పూశాడు. ఇది రాయికోడ్ దిక్కు పొలాలట. బోర్డులుండవు, మెట్లుండవు, బజారుండదు కాబట్టి పని తేలిక అనుకున్నాడు. కాదని మొదటి రోజే తెలిసింది. అనంతమ్మ డబ్బా బోర్లించుకుని కుడివైపు కూర్చుంటోంది. జొన్నచేను పక్కన కందిచేను వేశాడు, కాదు, ఆ గట్టుకు ఇవతల శనగ అని ఆమె, తను చూసింది కందేనని ఆయన. మూడు రోజులుగా ఇదే వాదన. నిన్న సాయంత్రం పూజిత డ్యూటీ దిగి వచ్చేసరికి ఇద్దరూ షెడ్డుకు తాళం వేసి రోడ్డు మీద నిలబడి ఉన్నారు. ఎటని అడిగితే, రాయికోడ్ పోయి ఆ గట్టేదో కళ్లారా చూసి వస్తామన్నారు. బస్సు వస్తే మహాదేవప్ప దాని నుదుట బోర్డు వైపు చూడలేదు. కిటికీల్లో ముఖాలు చూసి, ఇదే అని ముందుగా ఎక్కాడు.